మీట నొక్కే మనిషి

రాగి గనులు ఎప్పుడో మూతపడ్డ మూంటా ఊళ్లో
చర్చి ఆర్గన్‌ శ్రుతి చేయాలంటే ఇద్దరుండాలి.
ఒకరు గొట్టాల అడవిలోకి దూరాలి,
ఒకరు బయట కూచుని మీట నొక్కి పట్టాలి.
లోపల థిర్జా. బయట నేను.
"తరవాతది!" అంటుంది. వేలు జరుపుతాను.
అంతే నా కొలువు. గంటకింత కూలి.

మూడో బల్ల మీద వాళ్లాయన హెడ్లీ,
నలభై ఏళ్లు జనాన్ని మత్తులో ముంచి తేల్చిన డాక్టరు,
గళ్లనుడికట్టులోంచి తలెత్తకుండానే అంటాడు:
"నొప్పంటే నరమే, థిర్జా.
నరం మండడం వల్ల నొప్పి రావడం కాదు,
నరం మండడమే నొప్పి.
మెరుపంటే మబ్బులో కరెంటే కదా.
పేర్లు రెండు, సరుకొకటే."

గొట్టాల మధ్య నుంచి దుమ్ముతో కలిసి జవాబొస్తుంది:
"మరి మొన్న జెట్టీ మీద నువ్వు కొక్కెం దించిన ఆక్టోపస్?
దాని నరాలు నీ నరాలు కావుగా.
ఎనిమిది చేతులా మెలికపడింది.
మొహం తిప్పుకున్నది నువ్వే."

కుంగిపోయిన సీసపు గొట్టమొకటి బయటికి తోసింది.
"దీని చోట తుత్తునాగం పెట్టాను పోయిన ఏడు.
ఆదివారం ఎవరి చెవైనా పసిగట్టిందా?
పాట లోహంలో లేదు హెడ్లీ.
గాలొస్తే ఏం చేస్తుంది, పక్కదాంతో ఎలా కలుస్తుంది,
ఆ చేసే పనిలో ఉంది."

"అయితే మూలిగినప్పుడల్లా
నీ ఆర్గన్‌కి బాధేస్తోందనుకోవాలా?"

లోపల్నుంచి మాట లేదు.
తోలుతిత్తి మాత్రం ఉసూరుమంది.
వాదం సాగితే నా కూలీ సాగుతుంది.
నేనెవరి పక్షమూ కాదు.

జులై చలిలో హెడ్లీ పడిపోయాడు.
తలలో ఎడమవైపు, నాణెమంత మేర చీకటి.
చాలా మాటలు మిగిలాయి. ఉప్పు పోయింది.
"ఆ తెల్లది... సముద్రంలోది... నాలిక్కి..."
చెయ్యి గాల్లో తచ్చాడేది సీసా కోసం.
తన స్కాను తనే చూసి,
ఎడమ చేత్తో వంకరటింకరగా రాశాడు:
మాంసం పోయింది, మాట పోయింది. చెప్పానా?
అంత దుఃఖంలో గెలిచిన మనిషిని
నేనెక్కడా చూళ్లేదు.

అక్టోబరులో, గుడ్డు ఒలుస్తూ, "ఉప్పు" అన్నాడు.
చచ్చిన చోటు చచ్చే ఉందట.
పక్క చోటు ఆ పని నేర్చుకుందట.
అప్పుడు థిర్జా "చెప్పానా?" అనలేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను,
మీరే గెలిచారు కదా అని.
గొట్టం తుడుస్తూ చాలాసేపు తుడుస్తూనే ఉంది.
"ఉప్పు అడుగుతాడు. సరిగ్గానే.
నవ్వాల్సిన చోటే నవ్వుతాడు.
కానీ ఆ నవ్వు తుత్తునాగం.
ఊళ్లో ఎవరికీ తెలీదు.
లేక నా చెవులే ముసలివయ్యాయో."

ఇవాళ మీటల ముందు హెడ్లీ ఉన్నాడు.
కుడి చేతికి కసరత్తు కావాలన్నారు.
నేను మూడో బల్ల మీద,
అతని గళ్లనుడికట్టు నా ఒళ్లో.
నా పని అతను చేస్తున్నాడు, లోపం లేకుండా.
పనే మనిషైతే, ఈ పూట నేను అక్కడున్నాను.
మరి ఈ బల్ల చల్లదనం ఎవరి వెన్నుకి తగులుతోంది?

ఈ సంగతి ఆమెకి ఇంకా చెప్పలేదు.
లోపల్నుంచి ఏమీ కనపడదు.
ఇంకొకటి: ఆర్గన్‌ మీట
ముద్దుగా నొక్కినా, కసిగా నొక్కినా
స్వరం ఒకటే. పియానోలా వేలి గుట్టు విప్పదు.

"తరవాతది!"
అతను నొక్కాడు.
స్వరం నిలబడింది, నిన్నటిలాగే,
నా వేలి కింద నిలబడ్డట్టే.

గొట్టాల మధ్య సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"హెడ్లీ," అంది లోపల్నుంచి, మెల్లగా,
"నువ్వా?"